నల్ల బట్ట, సున్నం పొరలు

దుబాయి నుంచి దిగినవాళ్ల పెట్టె విప్పుతున్నారంటే మా వాడలో పొయ్యి మీద ఎసరు కూడా ఆగిపోయేది. ఎవరింటికి ఎవరు వచ్చినా సరే, పెట్టె చుట్టూ ఆడవాళ్లం గుండ్రంగా కూర్చోవాల్సిందే. సెంటు సీసాలు, పులి బొమ్మ దుప్పట్లు, తలనొప్పి మందు డబ్బాలు, టేప్ రికార్డరు, ఏది బయటికి వస్తే దానికి అందరం కలిసి "అబ్బో" అనాల్సిందే. మా ఆయన ఉన్నది మస్కట్టులో. అయినా మా జగిత్యాల దిక్కు ఏ దేశం పోయినా దుబాయి పోయినట్టే లెక్క.

ఆ రోజు మా ఆయన పెద్ద పెట్టె తాళం తీసి మూత ఎత్తగానే అందరం ముందుకు వంగాం. లోపలంతా నల్లగా ఉంది. చుట్టలు చుట్టిన బట్ట. పెద్ద చుట్ట, చిన్న చుట్ట, చేతి రుమాలంత తునకలు, అన్నీ నలుపే. కింద ఒక దుప్పటి, మనవలకు రెండు జతల బట్టలు, మా అత్తమ్మకు ఒక కళ్లద్దాల పెట్టె. అంతే.

పక్కింటి వదినె ముక్కు మీద వేలేసుకుంది. "ఏందయ్యా మరిదీ, గొంగడి కోసం దుబాయి దాంక పోయినవా? మన అంగట్ల దొరకవా?"

మా అత్తమ్మ ఒక తునకను చేతిలోకి తీసుకుని వెలుతురులో పెట్టి చూసింది. "గిదేందిరా కొడుకా? రైకకన్న పనికొస్తదా?"

"రైకకు కాదవ్వా. ఇంటికి."

"ఇంటికి రైక తొడుగుతవా?"

వాడంతా పగలబడి నవ్వింది. ఆయనా నవ్వాడు. నేను మాత్రం నవ్వలేదు. ఆ బట్ట ఎందుకు వచ్చిందో ఆ గుంపులో నాకొక్కదానికే తెలుసు. అది పని చేస్తుందన్న నమ్మకం మాత్రం నాకు గోరంత కూడా లేదు.

ఆ ఇంటి గురించి చెప్పాలి. నేను పుట్టింది ఇచ్చోడ దిక్కు. గోదావరి దాటి కోడలిగా వచ్చినప్పుడు అత్తగారిది గూనపెంకుల ఇల్లు. నా మాటలో మరాఠీ కలుస్తుందని వాడలో నవ్వేవారు. పెంకుల సందుల్లోంచి వాన నా మీదే కారేది, దానికీ నవ్వేవారు. ఈ నవ్వులన్నింటికీ నోరు మూతపడాలంటే స్లాబు వెయ్యాలని నేను పట్టుబట్టాను. ఆయన మస్కట్టు పోయింది ఆ స్లాబు కోసమే. తర్వాత అక్కడే ఉండిపోయింది పిల్లల చదువులకు, బిడ్డ లగ్గానికి, చేనులో బావికి. ఒక్కో పనికి ఒక్కో విసా.

మా వాడలో మాదే మొదటి స్లాబిల్లు. ముందర ఒక అర్ర, నడుమ పెద్దర్ర, వెనక వంటిల్లు. పెద్దర్రకు అడ్డంగా లావుపాటి బీము. స్లాబు పోసిన రోజు ఊళ్లో సగం మంది వరుసగా నిలబడి తట్టలు అందించారు. సాయంత్రం యాట కోసి మేస్త్రికీ కూలీలకూ బువ్వ పెట్టాం. ఇంటాయన మాత్రం లేడు. సెలవు అయిపోయి, ఆయన అప్పటికే బొంబాయి బస్సెక్కాడు. తన ఇంటి స్లాబు పొయ్యడం ఆయన కళ్లారా చూడలేదు.

స్లాబు వచ్చాక వాడ నోరు మూతపడింది గానీ ఎండాకాలం మాకు నరకం కనపడింది. మా దిక్కు ఎండలు తెలిసినవాళ్లకు చెప్పనక్కర్లేదు. పెంకుల కింద పెరిగిన మా అత్తమ్మకు ఆ వేడి అస్సలు పడేది కాదు. రైతు మనిషి కదా, పొలానికి ఒడ్డు పెట్టినట్టే స్లాబు చుట్టూ మట్టితో ఒడ్డు పెట్టింది. మధ్యాహ్నం దాటగానే బిందె చంకన పెట్టుకుని మెట్లెక్కడం, నీళ్లు నిలబెట్టడం. కింద అర్రలు చల్లబడేవి. మా వాడలో స్లాబు వేసిన ప్రతి ఇంట్లో ముసలమ్మలు ఇదే పని చేశారు, కొందరు తడి గోనె సంచులు పరిచారు. ఎవ్వరూ దాన్ని తప్పనుకోలేదు. నీళ్లు పోస్తే స్లాబు గట్టిపడుతుందనే అందరి నమ్మకం.

అలా ఎన్నో ఎండాకాలాలు గడిచాయి. తొంభైలు సగం దాటాక ఒక శ్రావణ మాసం పొద్దున మా అత్తమ్మ మంచం మీంచి లేచి చాయ తాగడానికి వంటింట్లోకి వచ్చింది. వెనక ధబ్బుమని చప్పుడైంది. పరుగెత్తి చూస్తే ఆమె దిండు మీద పలకంత కాంక్రీటు పెచ్చు. పైన బీములోంచి చువ్వలు బయటికి కనిపిస్తున్నాయి. ఎర్రటి తుప్పు పొరలు పొరలుగా లేచింది. నేను కెవ్వుమన్నాను. మా అత్తమ్మ మాత్రం గ్లాసు చేత్తో పట్టుకుని, "చాయ బతికిచ్చింది పిల్లా" అంది.

అప్పట్లో ఆ స్లాబు పోసిన మేస్త్రినే పిలిపించాను. పాపం, ముసలివాడైపోయాడు. కర్రతో ఒక్కో చోట కొట్టి చూశాడు. కొన్ని చోట్ల డొల్లగా మోగింది. ముందర అర్రలో ఇంకా ఘోరం, చువ్వ వెంబడి పగుళ్లు గీతల్లా బారాయి. తన చేతి పని కదా, ఆయన మొహం చిన్నబోయింది.

"చెల్లె, తియ్యాలె," అన్నాడు. "మొత్తం తియ్యాలె. దీనికింద పండొద్దు."

మొత్తం తియ్యడమంటే ఏమిటో నాకు అప్పుడే అర్థమైంది. మళ్లీ ఇల్లంటే మళ్లీ విసా. కిందటి సెలవులోనే ఆయన నా చేతిలో చెయ్యేసి, ఇదే ఆఖరు, వచ్చి కాలువ కింద పసుపు చేను చేసుకుంటానని మాటిచ్చాడు. స్లాబు నిలబడితే మనిషి ఇంట్లో ఉంటాడు. పడితే మళ్లీ బొంబాయి బస్సు. ఇంతకు మించి నాకు ఇంకే లెక్కా లేదు.

ఎస్టీడీ బూతుకు పోయి ఫోన్ చేశాను. పెచ్చు పడిందని చెప్పాను. ఇక అన్నీ అయిపోయాయి, ఇంకో రెండేళ్లు ఉంటానంటాడు అనుకుని గుండె గట్టిచేసుకున్నాను.

"సలాక సన్నబడ్డదా? చేత్తో గీరితె రాలుతున్నదా?" అని చువ్వల గురించి అడిగాడు.

నాకు కడుపు మండింది. "నీ అవ్వ దిండు మీద పెచ్చు పడ్డదయ్యా అంటె, సలాక సంగతి అడుగుతవేంది?"

"ఏయ్, జర విను. నేను రోజూ జేసేది గదే పని."

అన్నేళ్ల కాపురంలో మొదటిసారి ఆయన అక్కడ ఏం చేస్తాడో విన్నాను. మేస్త్రి పని అని అందరికీ చెప్పుకునేవాళ్లం. ఏం కడతాడని ఎవరడిగారు? ఆయన కట్టడం లేదు. అక్కడ సముద్రపు ఉప్పుగాలికి మేడలలోపలి ఇనుము తుప్పు పట్టి బీములు పగులుతాయట. పాడైన కాంక్రీటు చెక్కేసి, చువ్వలు మెరిసేదాకా తోమి, కొత్త సిమెంటు మాలు నింపి, ఆరాక పైన జిగురుతో నల్లటి బట్ట అతికించడం ఆయన జట్టు పని. కార్బన్ బట్ట అంటారట. చూస్తే బట్ట, జిగురు పీల్చి ఆరిందంటే ఇనుముకన్నా గట్టి.

"కత్తిరించంగ మిగిలిన తునకలు ఫోర్మెన్ పారేస్తడు. అడిగితె తీసుకపొమ్మంటడు. జమచేసుకోని వస్త. గందాక స్లాబుకింద కర్రలు నిలబెట్టుండ్రి. ఫికర్ చెయ్యకు," అన్నాడు.

ఊళ్లో అందరూ బంగారం జమచేసుకుని వస్తారు. నా మొగుడు గుడ్డపీలికలు జమచేసుకుని వస్తాడట! బూతువాడు నా మొహం చూసి మంచినీళ్లు తెచ్చిచ్చాడు.

మరుసటి ఎండాకాలం ఆయన మోసుకొచ్చిన ఆ పెట్టె కథ అదీ. బొంబాయి విమానాశ్రయంలో కస్టమ్స్ వాళ్లు చుట్టలన్నీ విప్పి, దులిపి, వాసన చూశారట. ఇదేమిటంటే ఇంటికి కట్టే కట్టు అన్నాడట. పిచ్చివాడనుకుని పంపేశారని ఆయనే చెప్పి నవ్వాడు.

వచ్చిన మర్నాడు పొద్దున్నే మెట్లెక్కి స్లాబు పైకి పోయాడు. నేనూ వెనకాలే పోయాను. మట్టి ఒడ్డు అలాగే ఉంది. నీళ్లు నిలిచిన చోట నల్లగా పాకుడు గీత. అక్కడ కూర్చుని వేలితో గీకి చూశాడు. "గీ నీళ్లే లోపలికి దిగి ఇనుమును తిన్నయి," అని నాకొక్కదానికే చెప్పి కిందికి దిగాడు.

కింద మా అత్తమ్మ మంచం మీద కూర్చుని ఉంది. "ఎందుకు పాడైందిరా కొడుకా?"

"ఇనుము మంచిది గాదవ్వా. గప్పటి ఇనుమే గట్లుండె."

నేను నోరు తెరవబోయాను. ఆయన నా మణికట్టు పట్టుకుని నొక్కాడు. నాకు ఒళ్లు మండింది, కానీ నోరు మూసుకున్నాను. ఆయన మంచితనమంతా ఇలా అబద్ధాలు చెప్పడంలోనే కనపడుతుంది.

హైదరాబాదు పోయి జిగురు డబ్బాలు తెచ్చాడు. రెండు డబ్బాలు కలిపితే జిగురు, కలిపాక ఆగేది లేదు, గడ్డకట్టేలోపు పని ముగించాలి. ముసలి మేస్త్రి కూడా తన మనిషిని తీసుకుని వచ్చాడు. ముందు ఏ అర్ర చెయ్యాలన్న మాటే రాలేదు. ముందర అర్ర అన్నాడు మా ఆయన. ఎందుకంటే గుమ్మంలో వాడంతా నిలబడి చూస్తోంది. అన్నేళ్లు ఎక్కడో పరాయివాళ్ల మేడలకు చేసిన పని ఒక్కసారి తన ఊళ్లో తన మనుషుల ముందు చెయ్యాలని ఆయనకు ఉబలాటం. నేనూ కాదనలేదు. ముందర అర్ర నా గొప్ప. వచ్చినవాళ్లు తలెత్తి చూసేది ఆ స్లాబునే.

డొల్లగా మోగిన చోటల్లా చెక్కారు. చువ్వల్ని వైరు బ్రష్షుతో తోమారు. మాలు నింపారు. అది ఆరేదాకా రోజూ తడిపి, తర్వాత ఎండనిచ్చారు. గట్టిగా ఉన్న చోట్ల తెల్లటి సున్నాన్ని బ్రష్షుతో రుద్ది, తడిగుడ్డతో తుడిచారు. అక్కడ గరగరా తిరిగే మిషను ఉంటుందట, ఇక్కడ చేతులే. "సున్నం రాయి లెక్క పట్టిందన్నా, ఇగ రాదు," అన్నాడు మేస్త్రి మనిషి. మా ఆయన చెయ్యిపెట్టి చూశాడు. గట్టిగానే ఉంది. సరేనన్నాడు.

బట్ట అతికించిన రోజు మా ఇంట్లో లగ్గమే. ఆయన తల పైకెత్తి, చేతులకు తొడుగులేసుకుని, స్లాబు అడుగున జిగురు పూసి, నల్లటి బట్టను సాగదీసి అద్ది, చిన్న రోలరుతో గాలి బుడగలు పోయేలా నొక్కుతుంటే నాకే ముచ్చటేసింది. ఆ మనిషికి అంత నేర్పుందని నాకేం తెలుసు? వాసన మాత్రం ఘోరం, తల తిరిగింది. మా అత్తమ్మ ముక్కుకు కొంగడ్డం పెట్టుకుని కూడా లేచిపోలేదు. ఆరాక నాణెంతో టకటకా కొట్టి చూశాడు. డొల్ల చప్పుడు రాలేదు.

పక్కింటి వదినె, "మరిదీ, నీ గొంగడి మా ఇంటిగ్గూడ జర కప్పరాదు?" అంది. ఆ సాయంత్రం వాడలో ముగ్గురు నలుగురు తమ స్లాబులు చూడమని అడిగారు. మా ఆయన ఛాతీ విరుచుకుని తిరిగాడు. నేనూ తిరిగాను, దాచడమెందుకు.

ఆ ముచ్చట వారం కూడా నిలవలేదు. ముందు ఒక అంచు లేచింది. ఆయన చూసి, ఏం కాదన్నాడు గానీ మొహంలో రక్తం లేదు. మర్నాడు మేం అన్నం తింటుండగా ముందర అర్రలో పట్టీకి పట్టీ ఊడి వేలాడింది. చూస్తుండగానే రెండోది కూడా. కింద పడ్డ బట్ట రేకులా బిర్రబిగుసుకుపోయి ఉంది. తిరగేసి చూస్తే వెనకంతా సున్నం. బట్ట జిగురును వదల్లేదు, జిగురు సున్నాన్ని వదల్లేదు. సున్నమే కాంక్రీటును వదిలేసింది.

ఆ సున్నం ఒక పొర కాదు. అంచు దగ్గర చూస్తే పొర మీద పొర, అప్పడాలు పేర్చినట్టు. మధ్యలో ఒకటి లేత నీలం, ఒకటి కాస్త పసుపు. ఏటా దసరాకు ఒకటి. బిడ్డ పెద్దమనిషి అయినప్పుడు ఒకటి. లగ్గానికి నీలిమందు ఎక్కువ కలిపిన పొర. మా మామ పోయినప్పుడు దినాలకు వేసింది. ఇంట్లో ఏం జరిగినా ముందు సున్నం వెయ్యాల్సిందే కదా మా దిక్కు, స్లాబు అడుగుతో సహా. పాత పొర తీసి కొత్తది వేసే అలవాటు ఎవరికీ లేదు. అలా అలా అది గోడలో గోడై కూర్చుంది.

ఆయన ఆ పొరల్ని చూస్తూ నేల మీద కూర్చున్నాడు. "గిన్ని పొరలా," అన్నాడు. "ఒకటో రెండో అనుకున్న."

నేను ఆగలేకపోయాను. "నీకెట్ల ఎరుకైతది? ఏ పండుగకున్నవు ఇంట్ల? ఒక్కసారన్న సున్నం కుంచె పట్టినవా? నువ్వు లేని దసరాలన్నీ గిక్కడున్నయి, లెక్కవెట్టుకో!"

అనేశాను. ఆయన పట్టీని ఒళ్లో పెట్టుకుని, గోటితో పొరలు ఒక్కొక్కటే విడదీస్తూ కూర్చున్నాడు. నా కోపం అంతా కళ్లలోకి దిగింది. ఆయన పోయింది మా కోసమే కదా, సరదాకా?

ఊడిపడ్డ బట్ట ఇక దేనికీ పనికిరాదు. మిగిలిన చుట్టల్ని పెద్దర్రలో పరిచి, మూర పెట్టి చూశాడు. బీము ఒక్కదానికి సరిపోతుంది. ముందర అర్రకు ఇక లేదు. అక్కడి చువ్వల్ని తుప్పు ఎలాగూ సగం తినేసింది, వాటిని బట్ట కూడా కాపాడలేదేమోనని అప్పుడు ఒప్పుకున్నాడు. అలాంటి బట్ట హైదరాబాదులో అడిగితే ఎవరికీ తెలియదన్నారట.

సాయంత్రం ఆయన పెట్టె అడుగు నుంచి పాస్‌పోర్టు తీసి కిటికీలో పెట్టాడు. "ఇంకొక్కసారి పోతనే," అన్నాడు. "ముందటి అర్ర గట్ల పెట్టుకోని ఎన్ని దినాలుంటవు? వాడల మొదటి స్లాబు నీది. పోయొస్త. బట్ట గూడ తెస్త, కొత్త స్లాబుగూడ పోద్దాం."

నా పేరు చెప్పి పోతానంటున్నాడు. నా స్లాబు కోసం. వంటింట్లోకి పోయి, ఉత్తి పుణ్యానికి గిన్నెలన్నీ తోమాను.

జగిత్యాల ఏజెంటుకు ఈ కబురు ఎవరు మోశారో గానీ రెండు రోజులకే స్కూటరేసుకుని దిగాడు. ముందర అర్రలోకి రాబోయి, స్లాబు చూసి గుమ్మంలోనే ఆగిపోయాడు. "అన్నా, మంచి విసా ఉన్నది, పాస్‌పోర్టు ఇయ్యి," అన్నాడు. మా ఆయన కిటికీ దిక్కు నడిచాడు.

నేను వెనక దొడ్లోకి పోయాను. అక్కడ మేస్త్రి మనిషి వదిలిపెట్టిన సమ్మెట ఉంది. దాన్ని రెండు చేతులా ఎత్తుకుని మెట్లెక్కాను. ముందర అర్ర మీద, సరిగ్గా మా అత్తమ్మ పెట్టిన మట్టి ఒడ్డు పక్కన నిలబడి, ఎత్తి కొట్టాను. చేతులు జివ్వుమన్నాయి. స్లాబుకు ఏమీ కాలేదు. మళ్లీ కొట్టాను. కింద ఏజెంటు "అమ్మో" అని వీధిలోకి ఉరికాడు.

మా ఆయన గసపోస్తూ పైకొచ్చాడు. "పిస్స లేసిందా నీకు?"

"ఊ, లేసింది. గిది నా స్లాబే గదా? నేనే తీస్త. రేకులేద్దాం. సప్పుడైతె కానీ, ఎండ కొడితె కొట్టనీ. వాడ నవ్వితె నవ్వనీ, నవ్వుడు నాకు కొత్తనా? ఉన్న బట్ట బీముకు వెయ్యి. ఒక్క అర్రల పందాం. నువ్వు మాత్రం పోవద్దు."

ఆయన నా చేతిలోంచి సమ్మెట తీసుకున్నాడు. లాక్కున్నాడనుకున్నాను. "నువ్వు కొట్టేటట్టు కొడితె సంకురాత్రి దాంక కొట్టాలె," అని, తను ఒక దెబ్బ వేశాడు. పెద్ద పెచ్చు లోపలికి కూలింది. కింద నిలబడ్డ ఏజెంటుకు నేనే స్లాబు అంచు మీంచి వంగి చెప్పాను, "తమ్మీ, విసా వద్దు. చాయ తాగుతనంటె కూసో." వాడు కూర్చోలేదు.

ముందర అర్ర స్లాబు మేస్త్రి మనుషులు పద్ధతిగా దించేశారు. ముసలి మేస్త్రి వద్దన్నా వచ్చి వేప నీడన కూర్చుని చూశాడు. నాకు ఏడుపు రాలేదని చెప్తే అబద్ధం. బాగా వచ్చింది.

తర్వాత పెద్దర్ర పని. ఈసారి బీము మీద సున్నం ఒక్క పొర మిగలకూడదని, ఉలి పట్టుకుని నేనే నిచ్చెన ఎక్కాను. ఒక దిక్కు నేను, ఒక దిక్కు ఆయన. కింద మా అత్తమ్మ మంచం మీద కూర్చుని రాలిన పెచ్చులు ఏరి తిప్పి తిప్పి చూస్తోంది. "గిది మన పిల్ల లగ్గానిది. గీ నీలం గదే. గిది మీ బాపు పోయినప్పటిది."

కాసేపటికి తలెత్తకుండానే అంది, "కొడుకా, నీళ్లే గదరా తిన్నది?"

ఆయన ఉలి ఆగింది. "ఏం నీళ్లవ్వా?"

"నేను పోసిన నీళ్లు. మేస్త్రి చెప్పిండు."

"కాదే అవ్వా. ఇనుము..."

"ఇనుము, ఇనుము! ఎన్నిసార్లు జెప్తవురా అబద్దం?" అంది. "నువ్వు సెలవు మీద వచ్చేది ఎండకాలమే. గుడ్డలిప్పుకోని బోర్లవడి పండేటోనివి, ఉడుకకు నిద్రవట్టకపోతుండె నీకు. నువ్వు వచ్చేదాంక అర్ర సల్లగ కావాలెనని ముందుగాల్నే మొదలువెడుతుంటి. నువ్వు రాని ఏడు గూడ పోసిన. వస్తవేమోనని."

నేను ఉలిని నిచ్చెన మెట్టు మీద పెట్టేశాను. అన్నేళ్లూ ఆమె తన కోసం పోసుకుంటోందని నేననుకున్నాను. ఆయన దిగి వెళ్లి, సున్నం చేతులతోనే ఆమె పక్కన కూర్చున్నాడు. తల నిమిరితే ఆమె జుట్టుకు తెల్లగా అంటింది. నేను మళ్లీ గీకడం మొదలుపెట్టాను.

బీము కాంక్రీటు బూడిద రంగు బయటపడేదాకా గీకాం. చువ్వలు తోమి, తుప్పు పట్టకుండా మందు పూసి, మాలు నింపి, ఆరబెట్టి, మిగిలిన నల్ల బట్ట అంతా దానికి అడుగునా పక్కలా చుట్టేశాడు. ఈసారి చూడటానికి వాడలో ఎవరినీ పిలవలేదు. నాణెంతో మొత్తం కొట్టి చూశాడు, తర్వాత నాణెం నాకిచ్చి నన్నూ కొట్టమన్నాడు. వారం పోయింది, నెల పోయింది, వానాకాలమంతా పోయింది. అంచు కూడా లేవలేదు. పైన మట్టి ఒడ్డు తీసేసి, నీళ్లు జారిపోయేలా వాలుగా గచ్చు వేశాడు. ముందర అర్ర రేకుల మీద వాన పడితే ఒకరి మాట ఒకరికి వినపడేది కాదు. పక్కింటి వదినె ఆ రేకుల్ని చూసి నవ్వింది. నవ్వుకోనీ అనుకున్నాను.

దసరా వచ్చింది. ఆయన పసుపు చేను నుంచి వచ్చేసరికి నేను కాగులో సున్నం నానబెట్టి, నీలిమందు కలిపి సిద్ధంగా ఉంచాను. కుంచె ఆయన చేతిలో పెట్టాను. ఇల్లు కట్టిన తర్వాత ఆయన ఆ ఇంటికి సున్నం వెయ్యడం అదే మొదలు. గోడలకు వేశాడు, స్లాబు అడుగుకు వేశాడు. తన ఒంటి మీద సగం, నేల మీద సగం. బీము దగ్గరికొచ్చి ఆగాడు.

మా అత్తమ్మ కింది నుంచి, "దానిగ్గూడ వెయ్యిరా, పండుగ పూట నల్లగ మంచిగ కనిపిస్తలేదు," అంది.

"జిగురు మీద సున్నం నిలువదవ్వా. యాడాదిల రాలిపోతది."

నేను కాగు నిచ్చెన దగ్గరికి జరిపాను. "రాలిపోతె వచ్చే దసరాకు మల్ల వెయ్యి," అన్నాను. "యాడికి పోతున్నవు?"

ఆయన నన్ను చూశాడు. కుంచె కాగులో ముంచి, నిచ్చెనెక్కి, బీముకు ఆ చివర నుంచి సున్నం వెయ్యడం మొదలుపెట్టాడు.